ఏటి వెంట వంద కిలోమీటర్లు

చిరంజీవులైన మనవలకు, మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను. "నాలుగు రోజులు సైకిల్ తొక్కడం ఎందుకు అమ్మమ్మా, అక్కడ రైళ్లు లేవా?" అని మొన్న ఫోనులో అడిగారు. రెండు మాటల్లో తేలే సంగతి కాదని అప్పటికి ఊరుకున్నాను. ఇవాళ తీరిక దొరికింది, రాస్తున్నాను.

రైళ్లున్నాయి. మేము వెళ్లిన లోయలో చాలా దూరం ఏటి పక్కనే పట్టాలున్నాయి. అయితే రైల్లో కూర్చుంటే ఊరు ఇలా వచ్చి అలా వెళ్లిపోతుంది. అది అక్కడే ఎందుకు వెలిసిందో మనకు పట్టదు. సైకిల్ మీద వెళితే ఆ సంగతి ముందు కాళ్లకు తెలుస్తుంది, తర్వాత కళ్లకు తెలుస్తుంది. ముప్పై ఏళ్లు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పాను. నదుల ఒడ్డున నాగరికతలు పుట్టాయని నల్లబల్ల మీద ఎన్ని వందల సార్లు రాశానో లెక్కలేదు. ఆ వాక్యం నా ఒంటికి తెలిసింది మాత్రం ఈ సెప్టెంబరులోనే.

మేము పట్టుకుని వెళ్లిన ఏరు పేరు టౌబర్. జర్మనీ దక్షిణ భాగంలో ఉంది. చాలాచోట్ల మన పంట కాలువంత వెడల్పే ఉంటుంది. అది వెర్ట్‌హైమ్ అనే ఊళ్లో మైన్ నదిలో కలుస్తుంది, మైన్ వెళ్లి రైన్ నదిలో కలుస్తుంది. రోటెన్‌బుర్గ్ అనే పాత పట్టణం నుంచి వెర్ట్‌హైమ్ దాకా సైకిల్ దారి సుమారు 100 కిలోమీటర్లు. రోటెన్‌బుర్గ్ సముద్రమట్టానికి సుమారు 425 మీటర్ల ఎత్తున ఉంది, వెర్ట్‌హైమ్ సుమారు 145 మీటర్ల ఎత్తున ఉంది. లెక్క వేసి చూడండి. కిలోమీటరుకు మూడు మీటర్లు కూడా దిగదు. కొండల మధ్య అంత మెల్లని వాలును ఏరు తప్ప ఇంకెవరూ వెతికి పెట్టలేరు. నీళ్లు ఎన్నో వేల ఏళ్లు రాయిని కోసి ఆ దారి చేశాయి. వాటి వెనుక ఎడ్లబండ్లు వచ్చాయి, వర్తకులు వచ్చారు, సన్యాసులు మఠాలు కట్టారు, రైలు వచ్చింది, చివరికి మా మూడు సైకిళ్లు వచ్చాయి.

సైకిల్‌కు పుట్టిల్లు కూడా ఇక్కడికి దగ్గరే. పడమటి వైపు మన్‌హైమ్ అనే నగరం ఉంది. 1817 జూన్ 12న అక్కడ కార్ల్ డ్రైస్ అనే ఆయన కొయ్యతో చేసిన రెండు చక్రాల బండి ఎక్కి, ఊరి బయటికి సుమారు 7 కిలోమీటర్లు వెళ్లి, గంటలోపే తిరిగి వచ్చారు. దానికి పెడళ్లు లేవు, చైను లేదు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవడమే. ఒకదాని వెనుక ఒకటిగా రెండే చక్రాలున్నా బండి కదులుతున్నంతసేపూ పడిపోదని ఆయన చూపించారు. మీరు సైకిల్ నేర్చుకున్న రోజున మీకు తెలిసిందీ అదే కదా!

ఇక్కడ సైకిల్‌ను ఆటవస్తువుగా చూడరు. ఎనిమిదేళ్లు నిండని పిల్లలు రోడ్డు మీద తొక్కకూడదు, కాలిబాట మీదో, రోడ్డుకు విడిగా వేసిన సైకిల్ బాట మీదో వెళ్లాలి. బడిలో మూడు, నాలుగు తరగతుల్లో సైకిల్ పరీక్ష పెడతారు. పోలీసులు వచ్చి చేయి చూపి మలుపు తిరగడం, ఎవరికి దారి ఇవ్వాలో గమనించడం నేర్పుతారు. దారి చీలే చోట ఆకుపచ్చ అక్షరాలతో చిన్న పలకలుంటాయి, వాటి మీద తర్వాతి ఊరు ఎన్ని కిలోమీటర్లో రాసి ఉంటుంది. మూడు రోజులకు నేను మ్యాపు చూడడమే మానేశాను.

సామాను సంగతి మీ అమ్మకు కూడా చెప్పండి. వెనుక క్యారియర్‌కు ఇరువైపులా తగిలించే రెండు సంచులు, అంతే. రెండు జతల బట్టలు, వాన చొక్కా, గాలి పంపు, ఒక ట్యూబు, మందులు. బరువు రెండు వైపులా సమానంగా ఉండాలి, లేకపోతే హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది. నేను మొదట పెట్టుకున్న లావు పుస్తకాన్ని మీ మామయ్య నోరెత్తకుండా బయటికి తీసి పెట్టాడు. మొదటి మిట్ట ఎక్కేటప్పుడు వాడి మంచితనం అర్థమైంది. లోయ దారి అంటే అంతా పల్లమని అనుకోకండి. మొదటి రోజు దారి కొండ అంచును పట్టుకుని ఎక్కి దిగుతూనే ఉంటుంది.

రోటెన్‌బుర్గ్ కొండ మీద ఉంది, కింద లోయలో ఏరు. ఊరి చుట్టూ కోటగోడ, గోడ మీద కొయ్య కప్పు కింద నడిచే దారి. మధ్యాహ్నం జనం కిటకిటలాడతారు. తెల్లవారుజామున వెళ్లి చూడాలి. ఆ గోడ రాళ్లలో చాలా వాటి మీద పేర్లు, మీటర్ల లెక్కలు చెక్కి ఉన్నాయి. 1945 మార్చి 31న, రెండో ప్రపంచ యుద్ధం ముగిసే ముందు, విమానాలు బాంబులు వేస్తే పాత ఊరిలో దాదాపు 40 శాతం నేలమట్టమైంది. తర్వాత ఎక్కడెక్కడి వాళ్లో మీటరు గోడకు ఇంతని డబ్బు పంపారు. ఎవరు ఎన్ని మీటర్లు నిలబెట్టారో అదే ఆ పేర్ల పక్కనున్న లెక్క. జపాన్ పేర్లు చాలా కనిపించాయి. వాటి మీద చేయి ఆనించి నడుస్తుంటే గొంతు పట్టేసింది పిల్లలూ.

ఇక్కడి పాత ఇళ్ల గురించి కాస్త నిదానంగా చెప్పాలి. దూరం నుంచి తెల్లగోడ మీద నల్ల గీతలు గీసినట్టుంటాయి. ఆ గీతలే అసలు ఇల్లు. ముందు కొయ్య చట్రం నిలబెడతారు: నిలువు స్తంభాలు, అడ్డ దూలాలు, అవి పక్కకు ఒరగకుండా ఏటవాలు ఊతలు. మధ్యలో మిగిలిన గళ్లలో సన్న కొమ్మలతో తడిక అల్లి, గడ్డి కలిపి తొక్కిన మట్టి మెత్తి, పైన సున్నం వేస్తారు. ఒక ఇంటికి మరమ్మతు చేస్తుంటే సున్నం ఊడిన చోట లోపలి తడిక కనిపించింది. మా అమ్మమ్మగారి ఊళ్లో వంటపాక గోడ సరిగ్గా అలాగే ఉండేది! అక్కడ పేడతో అలికేవారు, అంతే తేడా. ఆ దూలాల అతుకుల దగ్గర ఉలితో కొట్టిన చిన్న చిన్న గీతలున్నాయి, రోమన్ అంకెల్లాగా. వడ్రంగులు చట్రాన్ని ముందు నేల మీద పరిచి సరిచూసుకుని, ఏ కొయ్య ఏ కొయ్యతో కలవాలో గుర్తులు పెట్టి, విప్పి, మళ్లీ పైకి నిలబెట్టేవారు. వందల ఏళ్ల కిందటి పనివాడి చేతిరాత అది. సైకిల్ ఆపి ఆ గీతల్లో వేలు పెట్టి చూశాను.

క్రెగ్లింగెన్ దగ్గర చిన్న చర్చి ఒకటుంది. నాకడిగితే ఈ లోయలో అన్నిటికన్నా చూడవలసింది అదే. 1384లో ఒక రైతు పొలం దున్నుతుంటే పూజలో వాడే పవిత్రమైన రొట్టె బిళ్ల నాగటి చాలులో దొరికిందట. ఆ చోటే గుడి కట్టారు. లోపల టిల్మాన్ రీమెన్‌ష్నైడర్ అనే శిల్పి 1500 తర్వాత కొన్నేళ్లకు కొయ్యతో చెక్కిన మరియమ్మ శిల్పం ఉంది, రంగు వేయలేదు. ఆమె వేళ్ల కణుపులు, ఏసు శిష్యులైన అపొస్తలుల నుదుటి ముడతలు, తడిసినట్టు వేలాడే బట్టల మడతలు, అన్నీ కొయ్యలోంచి వచ్చినవే. ఈ ప్రాంతం క్రైస్తవంలోనే ప్రొటెస్టెంట్ శాఖకు మారాక దాన్ని మూసి ఉంచారు. 1832లో తిరిగి తెరిచారు. వెలుతురు, పొగ సోకనందువల్లే అంత చెక్కుచెదరకుండా ఉందని నాకనిపిస్తుంది. 1525లో రైతులు పన్నుల భారం ఓర్వలేక తిరగబడ్డారు. రీమెన్‌ష్నైడర్ సభ్యుడుగా ఉన్న వ్యూర్ట్స్‌బుర్గ్ నగర సభ వారి మీద యుద్ధానికి పోనంది. రైతులు ఓడిపోయాక ఆయన్ని చెరలో పెట్టి హింసించారు. అంత నేర్పున్న చేతులు!

రొట్టింగెన్ ఊరినిండా నీడ గడియారాలే. పొద్దును నీడతో కొలిచే అలవాటు మన ముత్తాతలకూ ఉండేది కనుక వివరం అక్కర్లేదు. అది దాటాక టౌబర్‌రెట్టర్స్‌హైమ్‌లో 1733లో కట్టిన రాతి వంతెన ఉంది. గొప్ప భవనాలు కట్టిన బాల్టజార్ నాయ్‌మాన్ ఈ పల్లెకు వంతెన కూడా కట్టారు. దాని మీద నిలబడి మేము తెచ్చుకున్న రొట్టె తిన్నాం. ఆ రోజు ఆదివారం, ఇక్కడ ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. ఏటి ఒడ్డున రేగు పండ్లలా ఉండే నీలం పండ్లు ఏరుకుంటున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి దోసిలి నిండా ఇచ్చింది, సీసాల్లో నీళ్లు నింపింది. నాకు ఆమె భాష రాదు, ఆమెకు నాది రాదు. "ఎక్కడి నుంచి" అని ఆమె చేతితో అడిగితే నేను దూరంగా తూర్పు వైపు చూపించాను.

ఈ లోయకు పడమటి పీఠభూమిలో ఒక పంట ఉంది, మీకు చెప్పి తీరాలి. గోధుమకు పాతకాలపు చుట్టమైన ఒక ధాన్యాన్ని పచ్చిగా ఉండగానే కోసి నిప్పుల సెగ మీద ఎండబెడతారు. వాన పడి పంట కుళ్లిపోతుందన్న భయంతో పుట్టిన పద్ధతి. దానితో చేసిన చారు తాగితే పొగ వాసన, తియ్యదనం కలిసి వచ్చాయి. వెంటనే పచ్చజొన్న కంకులు కాల్చి రాల్చుకునే ఊచబియ్యం గుర్తుకొచ్చింది.

బాడ్ మెర్గెంట్‌హైమ్ అనే ఊరి పేరులో "బాడ్" అంటే స్నానం. ట్యుటానిక్ నైట్లనే యోధ సన్యాసులకు ఇది 1526 నుంచి 1809 దాకా ప్రధాన స్థానం. కానీ ఊరికి పేరు తెచ్చింది ఒక గొర్రెల కాపరి. 1826లో తన గొర్రెలు ఏటి ఒడ్డున ఒకే చోట గుమిగూడుతుంటే వెళ్లి చూశాడు, ఉప్పు నీటి ఊట కనిపించింది. ఆ నీటి కోసమే ఇప్పటికీ జనం వస్తారు.

ఇంకా దిగువన నిక్లాస్‌హౌజెన్‌లో ఇంకో గొర్రెల కాపరి ఉండేవాడు. పేరు హన్స్ బ్యోమ్, డప్పు వాయించేవాడు. 1476లో అడవులు, నీళ్లు, పచ్చిక బీళ్లు అందరివీ అన్నాడు, పెద్దలూ కష్టపడి బతకాలన్నాడు. వేలాది మంది ఈ చిన్న పల్లెకు నడిచి వచ్చారు. ఆ ఏడే బిషప్పు మనుషులు అతన్ని పట్టుకుపోయి తగలబెట్టారు. అక్కడ సైకిల్ దిగి కాసేపు నడిచాను. పక్కన అదే ఏరు, అవే పచ్చిక బీళ్లు.

మీరు ఎప్పుడైనా వస్తే రాళ్లను కూడా చూస్తూ రండి. ఎగువన గోడలన్నీ బూడిద తెలుపు రాయి. కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగున పేరుకున్న రాయి అది, దగ్గరగా చూస్తే గవ్వల ముద్రలు కనిపిస్తాయి. కొండవాలు మీద రైతులు ద్రాక్ష తోటల కోసం ఆ రాళ్లను ఏరి పోసిన పొడవాటి కుప్పలు ఇప్పటికీ ఉన్నాయి. దిగువకు వచ్చేసరికి లోయ ఇరుకవుతుంది, అడవి దగ్గరవుతుంది, గోడలు ఎర్రబడతాయి. ఎర్రటి ఇసుకరాయి మొదలైందన్న మాట. వెర్ట్‌హైమ్ కోట పూర్తిగా ఆ ఎరుపే.

వెర్ట్‌హైమ్‌లో టౌబర్ మైన్‌లో కలిసే చోట కూర్చున్నాం. పాత ఊరి గోడల మీద వరదలు ఎంత ఎత్తు వచ్చాయో గీతలు గీసి, ఏళ్లు రాసి ఉన్నాయి. కొన్ని నా తల కన్నా పైనే ఉన్నాయి. అయినా ఊరు ఏటిని వదలలేదు. మైన్ ఒడ్డున సైకిల్ దారి ఒకప్పుడు గుర్రాలు పడవలకు తాళ్లు కట్టి ఎగువకు లాగిన దారి. మన కాలువ గట్ల మీద ఆ పని మనుషులు చేసేవారు. మీ తాతయ్య వాళ్ల నాన్నగారు చూశారట.

తెనాలిలో మూడు కాలువలు పారుతున్నాయి కదా. సంక్రాంతి సెలవుల్లో ఉదయం పూట మీ నాన్నతో కలిసి గట్టు వెంట ఎగువకు తొక్కుకుంటూ వెళ్లండి. ఆ మూడూ ఎక్కడ విడిపోయాయో, అక్కడ ఏ ఊరుందో చూసి నాకు రాయండి. బయలుదేరే ముందు టైర్లలో గాలి, బ్రేకులు చూసుకోండి, చైనుకు నూనె వేసుకోండి.

ఇట్లు
మీ అమ్మమ్మ