బౌలింగ్ బంతి కొనేముందు ఆయిల్ సంగతి: అపోహలు, వాస్తవాలు

అమెరికాలో డాలస్ దగ్గర ఒక ప్రో షాపులో (బౌలింగ్ సామాను దుకాణంలో) బంతులకు వేళ్ల రంధ్రాలు వేయడం నా పని. క్రికెట్ బౌలింగ్ కాదు, ఆయిల్ పూసిన పొడవాటి లేన్ మీద బరువైన బంతిని దొర్లించి పది పిన్నులు పడగొట్టే ఆట. కొత్తగా లీగులో చేరిన మనవాళ్లు వచ్చి మొదట అడిగేది ఒకటే: "అన్నా, అన్నిటికన్నా ఎక్కువ హుక్ అయ్యేది చూపించు." హుక్ అంటే బంతి మలుపు తిరగడం. ఏ లేన్ల మీద ఆడతావు, అక్కడ ఆయిల్ ఎంత ఉంటుంది అంటే మాత్రం తెల్లమొహం వేస్తారు. (కింద లెక్కలన్నీ కుడిచేతివాళ్లకి. ఎడమచేతివాళ్లు తిప్పి చదువుకోండి.)

అపోహ: ఎంత తిరిగితే అన్ని స్ట్రైకులు (మొదటి బంతికే పది పిన్నులూ పడటం).

ఫౌల్ లైన్ (దాటకుండా బంతి వదలాల్సిన గీత) నుంచి హెడ్ పిన్‌కి (అన్నిటికన్నా ముందున్న పిన్‌కి) 60 అడుగులు. మామూలు హౌస్ షాట్‌లో (సెంటర్లో రోజువారీ వేసే ఆయిల్ తీరులో) ఆయిల్ ఉండేది దాదాపు మొదటి 40 అడుగులే, అదీ మధ్యలో దట్టంగా, అంచుల్లో పల్చగా. బంతి ఆయిల్ మీద జారాలి, పొడి బోర్డులు (లేన్ పొడవునా ఉండే సన్నటి పట్టీలు) తగిలాక మలుపు తిరగాలి, ఆఖర్న దొర్లుతూ పాకెట్‌లోకి (హెడ్ పిన్‌కీ, దాని వెనక కుడి పక్కనున్న మూడో పిన్‌కీ మధ్యకి) దూరాలి.

ఇప్పుడు 1000 గ్రిట్‌తో (అంకె తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ) గరుకు చేసిన సాలిడ్ రియాక్టివ్ బంతిని (లేన్‌ని గట్టిగా పట్టే రెసిన్ పైపొర ఉన్నదాన్ని) పల్చటి ఆయిల్ మీద వేయండి. సగం దారిలోనే పట్టు దొరికి తిరగడం మొదలెడుతుంది, పిన్నుల దగ్గరికి చేరేసరికి ఊపు అయిపోతుంది. చూడ్డానికి బ్రహ్మాండమైన మలుపు, తగిలిందీ పాకెట్‌లోనే, అయినా పదో పిన్ (వెనక వరసలో కుడి చివరిది) కదలదు. అప్పుడు ఆరో పిన్ (పదో పిన్‌కి ముందున్నది) ఎటు పోయిందో చూడండి. నీరసంగా పక్కకి వాలి గటర్‌లో (లేన్ పక్క కాలువలో) పడిందంటే బంతి ముందే అలిసిపోయింది. పదో పిన్ మెడ పక్కనుంచి చుట్టు తిరిగి పోయిందంటే బలం ఉంది, తగిలిన కోణంలోనే కాస్త తేడా.

పల్చటి ఆయిల్‌కి పాలిష్ చేసిన పర్ల్ కవర్ (మెరుపు కలిపిన, ఎక్కువ దూరం జారే పైపొర) బంతి నయం. గరుకు సాలిడ్‌ని ఆయిల్ దట్టంగా, పొడవుగా ఉన్న రోజుకి ఉంచుకోండి.

అపోహ: కోర్ (బంతి లోపలి బరువు దిమ్మ) బొమ్మ చూసి కొనాలి.

కేటలాగులో కోర్ బొమ్మలు భలే ఉంటాయి. డిఫరెన్షియల్ (కోర్ వల్ల బంతి ఎంత మలుపు తిరగగలదో చెప్పే అంకె) 0.060 అని కనబడగానే కళ్లు మెరుస్తాయి (నిబంధనల ప్రకారం అంతకు మించకూడదు కూడా). కానీ లేన్‌ని తాకేది పైపొర. 4000 గ్రిట్ మీదున్న బంతిని 1000 ప్యాడ్‌తో (గరుకు కాగితం లాంటిది) రుద్ది చూడండి, అది వేరే బంతి అయిపోతుంది. ప్యాడ్‌కి అయ్యేది కొద్ది డాలర్లే, కొత్త బంతికి వందలు. ఒక్క మాట: యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ సంఘం) గుర్తింపు ఉన్న పోటీలో ఆట మొదలయ్యాక ప్యాడ్ ముట్టుకోకూడదు. 2019 ఆగస్టు నుంచి క్లీనర్ ద్రవాలు కూడా కుదరవు, పొడి టవల్ ఒక్కటే.

అపోహ: మొదటి గేమ్‌కి కుదిరిన బంతి మూడో గేమ్‌కీ కుదురుతుంది.

రియాక్టివ్ బంతులు ఆయిల్‌ని పీల్చేస్తాయి. నలుగురూ ఒకే దారిలో వేస్తుంటే ఆ దారి పొడిబారిపోతుంది, మీ బంతి హెడ్ పిన్‌ని నిండుగా కొట్టడం మొదలెడుతుంది. వెంటనే బ్యాగులో ఇంకో బంతి కోసం వెతక్కండి, ముందు కాళ్లు రెండు బోర్డులు ఎడమకి జరపండి. అప్పటికీ కుదరకపోతే తక్కువ బలమున్న (తక్కువ మలుపు తిరిగే) బంతికి మారండి.

ప్యాటర్న్ షీట్ (లేన్ మీద ఆయిల్ ఎంత పొడవు, ఎలా వేశారో చెప్పే కాగితం) దొరికితే పొడవులోంచి 31 తీసేయండి. 40 అడుగులైతే కుడి అంచు నుంచి తొమ్మిదో బోర్డు, ఆయిల్ అయిపోయే చోట బంతి దాదాపు అక్కడుండాలి. ఇది మొదటి అంచనాకే, మిగతాది బంతి చెబుతుంది.

అపోహ: యురేథేన్ పైపొర బంతి పాతకాలపు సరుకు.

1990ల మొదట్లో రియాక్టివ్ వచ్చాక మూలన పడిన మాట నిజమే. కానీ 35 అడుగుల పొట్టి ప్యాటర్న్ మీద రియాక్టివ్ ఎగిరెగిరి తిరుగుతుంటే, యురేథేన్ నెమ్మదిగా, చెప్పినట్టు వింటుంది. అయితే అది ఆయిల్‌ని పెద్దగా పీల్చదు, ముందుకు లాక్కుపోతుంది.

అపోహ: తిరగడం తగ్గిందంటే బంతి చచ్చిపోయినట్టే.

చాలాసార్లు ఆయిల్ నిండిపోయి ఉంటుందంతే. ప్రతి షాట్ తర్వాత తుడవండి, ఆట అయ్యాక క్లీనర్ వేయండి, యాభై అరవై గేములకోసారి షాపులో ఆయిల్ తీయించి, సర్ఫేస్ కొత్తగా వేయించండి. ఇంట్లో ఓవెన్‌లో పెట్టకండి. టెక్సస్ ఎండల్లో కారు ట్రంకులో వదిలేయకండి, పగుళ్లు పడ్డ బంతులు మా షాపుకి వస్తూనే ఉంటాయి.

ఇంకా డబ్బు మిగిలితే రెండో బంతిగా ప్లాస్టిక్‌దే తీసుకోండి. ఆయిల్ ఎలా ఉన్నా మిగిలిపోయిన పదో పిన్ మీదికి దాదాపు తిన్నగా పోతుంది, షాపులో అన్నిటికన్నా చవక కూడా అదే.