ఇంజన్ ఆపితే కూడా పొల్యూషన్ రీడింగ్ వచ్చే ఊరు మాది

మొన్న కర్నూలులో బైక్ పొల్యూషన్ సర్టిఫికెట్ డేట్ అయిపోయిందని చూసుకొని పెట్రోల్ బంకు పక్కన నిలబెట్టిన వ్యాన్ దగ్గరికి పోయినా. లోపల కుర్రోడు ల్యాప్‌టాప్ ముందు కూర్చొని "అన్నా ఇంజన్ ఆపెయ్, నంబర్ ప్లేట్ కనపడేట్ల కొంచెం ముందుకు నూకు, ఫోటో చాలు" అన్నాడు. సైలెన్సర్లో పెట్టాల్సిన పైపు చుట్ట చుట్టి మేకుకు తగిలించి ఉంది, దాని మీద దుమ్ము చూస్తే సంక్రాంతి నుంచి ఎవరూ ముట్టినట్టు లేదు. రెండు నిమిషాల్లో ప్రింటు చేతికొచ్చింది, కార్బన్ మోనాక్సైడ్ ఇంత అని పాయింట్ తర్వాత అంకెలతో సహా. ఆపిన ఇంజన్ నుంచి అంత కరెక్టుగా లెక్క ఎట్లొచ్చిందో ఆ దేవునికే తెలియాల.

అక్కడి నుంచి బళ్లారి చౌరస్తా కాడికి వస్తే నా ముందర ఒక డీజిల్ ఆటో, వెనక సీట్లో ఐదుగురు, డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు, సిగ్నల్ పడంగానే రేజ్ ఇచ్చినాడు చూడండి, హెల్మెట్ అద్దం నల్లగా అయిపోయింది. దానికీ ఒక సర్టిఫికెట్ ఉండే ఉంటుంది, సీటు కింద ప్లాస్టిక్ కవర్లో భద్రంగా.

అసలు ఈ తంతు ఎక్కడ మొదలైందంటే కొంచెం వెనక్కి పోవాల. మన దేశంలో మోటారు బండ్లకు మొదటి చట్టం 1914ది, దాని తర్వాత 1939ది, అప్పుడు కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఆ చట్టాల్లో ముఖ్యంగా చూసేది బండి ఎవరిది, లైసెన్సు ఉందా, పర్మిట్ ఉందా అని. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యి ఉద్యోగుల కోసం ఎ క్యాంప్, బి క్యాంప్, సి క్యాంప్ లేచినప్పుడు కూడా ఆ 1939 చట్టమే. మూడేళ్లకు రాజధాని హైదరాబాద్ పోయింది, క్యాంపుల పేర్లు మాత్రం ఇక్కడే ఉండిపోయినాయి. అప్పటి లెక్కకు వేసిన రోడ్ల మీదే ఇప్పుడు మనందరం దూరుతున్నాం, పాతబస్తీ సందులైతే ఇంకా పాతవి.

1988లో కొత్త చట్టం చేసినారు, 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన కర్నూలు ఏపీ 21 నంబర్లు, అనంతపురం ఏపీ 02, కడప ఏపీ 04, ఇవన్నీ ఆ కొత్త పద్ధతితో వచ్చినవే. (2019లో రాష్ట్రం మొత్తానికి ఏపీ 39 పెట్టినారు కాబట్టి ఏపీ 21 కనపడిందంటే ఆ బండికి వయసు వచ్చేసినట్టే.) సెంట్రల్ రూల్స్‌లో 115వ రూలు పొగ సంగతి చెప్తుంది, పొల్యూషన్ సర్టిఫికెట్‌కి మూలం అదే. పెట్రోల్ బండి ఐడ్లింగ్‌లో, అంటే రేజ్ ఇయ్యకుండా ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఎంత, డీజిల్ బండికైతే రేజ్ ఇచ్చి పొగ ఎంత నల్లగా ఉంది, అంతే. 2004లో హైడ్రోకార్బన్లు, అంటే సరిగ్గా కాలకుండా పొగలో వచ్చే ఇంధనం లెక్క కూడా కలిపి కొంచెం బిగించినారు గానీ పాత బండ్లను వదిలేసినారు. 2000 మార్చి లోపల తయారైన టూవీలర్‌కి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాకా పర్వాలేదు, ఆ తర్వాత వాటికి అప్పట్లో 3.5. మా మామ చేతక్ 1998ది, పదహైదేళ్లకు ఒకసారి, ఆ తర్వాత ఐదేళ్లకొకసారి చొప్పున మొత్తం మూడుసార్లు రెన్యువల్ అయ్యి ఇంకా తిరుగుతోంది. స్టార్ట్ చేస్తే మా సందంతా తెల్లగా అయిపోతుంది, కాగితం ప్రకారం మాత్రం అది 4.5 కిందనే.

కొత్త బండ్ల కథ వేరే. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్ 4 (భారత్ స్టేజ్, కొత్త బండి పొగకు పెట్టిన హద్దు), మధ్యలో 5 ఎగరగొట్టి 2020 ఏప్రిల్‌కి నేరుగా బీఎస్ 6. ఇది నిజంగా పెద్ద పనే, ఒప్పుకోవాల. కానీ షోరూమ్ నుంచి బయటికొచ్చినాక పదేళ్లు దాన్ని చూసేది ఎవరంటే ఆ వ్యాన్లో కుర్రోడే.

ఇంకో తమాషా ఏందంటే మన ఊరి అసలు రోగం ఆ మిషన్‌కి కనపడదు. 2019 జనవరిలో కేంద్రం క్లీన్ ఎయిర్ ప్రోగ్రాం పెట్టినప్పుడు గాలి బాగలేని ఊర్ల మొదటి లిస్టులోనే కర్నూలు ఉంది, అనంతపురం కడప తర్వాత చేరినాయి. అక్కడ చూసేది పీఎం 10, అంటే గాల్లో తేలే సన్న దుమ్ము, ఏడాది సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. మన సీమలో వానలే తక్కువ, రోడ్డు పక్కన మట్టి, పట్ట కట్టని ఇసుక టిప్పర్లు, తవ్వి పూడ్చని పైప్‌లైన్ గుంతలు, ఆ దుమ్ము టైరు కింద నలిగి మళ్లీ మళ్లీ లేస్తుంది. దీనికి సైలెన్సర్లో పైపు పెట్టి ఏం లాభం, అది కూడా పెట్టకపాయె.

ఫైన్ల సంగతి. 1988 చట్టంలో మామూలు తప్పుకు మొదటిసారి 100 రూపాయలు. అప్పట్లో ఆ డబ్బుకు స్కూటర్ ట్యాంకు నిండి మిగిలేది, 2019కి వచ్చేసరికి లీటరు పోయించుకుంటే చిల్లర వచ్చేది, అయినా ముప్పై ఏళ్లు అదే 100. హెల్మెట్ లేకుంటే 135 అని చలానా వచ్చేది గుర్తుందా, అందులో 35 యూజర్ చార్జీ! 2019 సవరణతో హెల్మెట్‌కి 1000, పొల్యూషన్‌కి 10,000 దాకా అన్నారు, మన రాష్ట్రంలో 2020 అక్టోబర్‌లో పెంచినారు. ఫలితం ఏందయ్యా అంటే రాజ్‌విహార్ దగ్గర చెకింగ్ ఉంటే హ్యాండిల్‌కి వేలాడే హెల్మెట్ తలమీదికి వస్తుంది, సర్కిల్ దాటంగానే మళ్లీ హ్యాండిల్‌కి పోతుంది. సుప్రీంకోర్టు కూడా 2017లో పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా ఇన్సూరెన్స్ ఇయ్యొద్దంది, దాంతో జనం ఇన్సూరెన్సే కట్టకుంటే యాక్సిడెంట్ అయినోళ్లకు పరిహారం రాదని 2024లో ఆ షరతు తీసేసింది.

కాగితానికీ బండికీ మధ్య ఉన్న దూరం ఎంత ఖరీదైందో మన హైవే మీదే రెండుసార్లు చూసినాం. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది, 2025 అక్టోబర్ 24న ఇక్కడ చిన్నటేకూరు దగ్గర ఇంకో బస్సు కాలి 19 మంది ప్రయాణికులు చనిపోయినారు. ఆ రెండో బస్సు నంబర్ డామన్ డయ్యూది, తిరిగేది హైదరాబాద్ బెంగళూరు మధ్య. తర్వాత వారం పది రోజులు టీవీల్లో ఫిట్‌నెస్, పర్మిట్, స్లీపర్ సీట్లు అని ఒకటే చర్చ.

నా ప్రింటు మీద వచ్చే ఏడాది దాకా వాలిడ్ అని ఉంది. ఎయిర్ ఫిల్టర్ మార్చక రెండేళ్లయింది, మెకానిక్ మూడుసార్లు చెప్పినాడు.