16 అరలు, 128 టోకెన్లు

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం మా మేనల్లుడు గేమ్ కన్సోల్ చేత పట్టుకుని తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటికి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. ‘‘మామయ్యా, చిప్ పోయింది’’ అన్నాడు. తెర మీద మెమరీ కార్డును చదవలేకపోతున్నట్టు ఒక వాక్యం, దాని కింద ఫార్మాట్ చేయమంటూ ఒక బొత్తం. వాడి బొటనవేలు అప్పటికే ఆ బొత్తం మీదికి వెళ్తోంది. చెయ్యి పట్టుకుని ఆపాను. మెమరీ కార్డుల దగ్గర నాకున్న పట్టింపు ఒక్కటే: మిగతా ప్రయత్నాలన్నీ అయ్యాకే ఆ బొత్తం జోలికి వెళ్లాలి.

ఎందుకో చెప్పడం కష్టం కాలేదు, తిరుపతి పిల్లవాడు కనుక. దర్శనానికి వెళ్లే ముందు కొండ మీద ఫోన్లు, సంచులు కౌంటరులో అప్పగిస్తాం. వాళ్లు సంచిని ఏదో ఒక అరలో పెట్టి మనకొక టోకెను ఇస్తారు. ఏ టోకెను సంచి ఏ అరలో ఉందో వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది. ఆ లెక్క రాసిన రిజిస్టరు తడిసి అక్షరాలు అలుక్కుపోయాయనుకుందాం. సంచులన్నీ అరల్లో భద్రంగానే ఉన్నాయి, ఏది ఎవరిదో చెప్పగలిగినవారే లేరు. మెమరీ కార్డుకు ఎక్కువగా పట్టే జబ్బు ఇదే. కార్డు మొదట్లో కొంత చోటు రిజిస్టరుకు కేటాయించి ఉంటుంది. ఒక్కో గేము తాలూకు ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో అందులో రాసి ఉంటుంది. గేము దిగుతుండగా బ్యాటరీ అయిపోయినా, ఏదో రాస్తుండగా కార్డు లాగేసినా పద్దు సగంలో ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు కన్సోల్ ఆ సగం పద్దు చూసి చేతులెత్తేస్తుంది.

రెండు మూడు క్షణాల్లో ముగిసే ఫార్మాట్ సంచులను బయట పారేయదు. పాత రిజిస్టరు తీసేసి తెల్ల పుస్తకం తెరుస్తుంది, అంతే. అందుకే ఫార్మాట్ అయిన కార్డు నుంచి కూడా ఫైళ్లు వెలికితీయడం చాలాసార్లు సాధ్యమవుతుంది. అయితే కొత్త గేము ఎక్కించడం మొదలుపెట్టగానే ఖాళీ అనుకున్న అరల్లోకి కొత్త సంచులు వచ్చి చేరతాయి. ఆ తరువాత ఎంత మొత్తుకున్నా పాతవి రావు.

ఈ అరల కథ కొంచెం వివరంగా చెప్పుకోవలసిందే. మైక్రో ఎస్డీ అనే ఈ మెమరీ కార్డు 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. పోగొట్టుకోవడానికే పుట్టినట్టు ఉంటుంది. అందులో సమాచారమంతా బందీలైన ఎలక్ట్రాన్ల రూపంలో ఉంటుంది. చుట్టూ విద్యుత్తును పోనివ్వని పలుచని పొర ఉన్న ఒక బుల్లి గదిలోకి ఎలక్ట్రాన్లను పంపితే, కరెంటు తీసేసినా అవి అక్కడే ఉండిపోతాయి. ఈ ఉపాయాన్ని 1967లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ ప్రతిపాదించారు. గోడకు కన్నం పెట్టకుండానే ఎలక్ట్రాన్లు గోడ దాటడం క్వాంటం ప్రపంచంలో వింతేమీ కాదు, దాన్నే టన్నెలింగ్ అంటారు. జపాన్‌లో తోషిబా సంస్థ ఇంజినీరు ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని లోకానికి పరిచయం చేశారు. పెద్ద భాగాన్ని ఒక్కసారిగా చెరిపేయడం కెమెరా ఫ్లాష్ మెరుపును గుర్తు చేసిందని ఆయన సహోద్యోగి ఆ పేరు సూచించారు.

ఒక్కసారిగా చెరిపేయడం అన్న మాట దగ్గర మా వాడు తల గోక్కున్నాడు. వైకుంఠం క్యూ కాంప్లెక్సును గుర్తు చేశాను. కంపార్టుమెంటులోకి భక్తులు ఒక్కొక్కరుగా వచ్చి చేరతారు, తలుపు తీసినప్పుడు మాత్రం అందరూ ఒకేసారి కదులుతారు. ఫ్లాష్‌లోనూ రాయడం పేజీల లెక్కన, చెరపడం ఎన్నో పేజీలున్న బ్లాకుల లెక్కన జరుగుతుంది. చెరిపిన ప్రతిసారీ గది గోడ కాస్త అరుగుతుంది. గదికి ఒక్క బిట్టు, అంటే ఒక 0 లేదా 1, మాత్రమే దాచే పాత రకం సుమారు లక్షసార్లు తట్టుకునేది. మూడేసి బిట్లు కుక్కే ఇప్పటి చవక రకాలకు వేలలోనే ఆయుష్షు. అందుకే కార్డులోని నియంత్రణ చిప్ భారం ఒకే బ్లాకు మీద పడకుండా రాతలను అన్ని బ్లాకులకూ పంచుతుంది.

అయితే గేమును ఒకసారి కార్డులోకి దించాక కన్సోల్ నెలల తరబడి చదువుకోవడమే తప్ప రాసేది తక్కువ. చదవడంతో అరుగుదల పెద్దగా ఉండదు. రాత్రింబవళ్లు రాస్తూనే ఉండే సీసీ కెమెరా కార్డు అరిగిపోయిందంటే నమ్ముతాను కానీ, రెండు నెలల క్రితం కొన్న గేము కార్డు అరిగిపోయిందంటే నమ్మను. నా అనుమానం అక్కడే మొదలైంది.

ముందు తేలిక పనులు చేశాం. కన్సోల్‌ను నిద్రపుచ్చడం కాదు, పూర్తిగా ఆపి కార్డు బయటకు తీశాం. వెనుక ఎనిమిది బంగారు పూత పట్టీలు ఉన్నాయి. వాడు నోటితో ఊదబోయాడు, వద్దన్నాను. ఊపిరితో పాటు తేమ కూడా వెళ్తుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు నాకూ ఒకప్పుడు ఉండేది. ఆ పూత ఎంత పలుచనో తెలిశాక మానేశాను. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది మెల్లగా తుడిచి, ఆరాక పెట్టాం. ఫలితం లేదు. తరువాత అడాప్టరులో, అంటే చిన్న కార్డును పెద్ద కార్డు చోట పట్టించే తొడుగులో, పెట్టి ల్యాప్‌టాప్‌కు తగిలించాం. అడాప్టరు పక్కన జరిగే చిన్న తాళం ఉంటుంది. అది కిందికి జరిగి ఉంటే కార్డు మీద రాయడం కుదరదు. ఎంతోమంది కార్డు పాడైందనుకునేది ఇందువల్లే. ఇక్కడ అదీ కాదు. ల్యాప్‌టాప్ కూడా ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. వద్దని, కార్డులోని బిట్లన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు ఒక ఫైలులోకి నకలు తీశాను. మరమ్మతు ప్రయోగాలు చేస్తే ఆ నకలు మీదే చేయాలి.

ఆ తరువాతే కార్డును ఫార్మాట్ చేసి ఎఫ్3 అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో పరీక్ష పెట్టాను. విండోస్‌లో అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యు ఉంది. ఇవి కార్డు నిండా తమకు తెలిసిన అంకెలు రాసి, తిరిగి చదివి సరిపోల్చుతాయి. భోజనాలు అయ్యాయి, ఇంకా రాస్తూనే ఉంది. చివరికి వచ్చిన లెక్క: పైన 128 జీబీ అని అచ్చు వేసిన కార్డులో అసలు చోటు 16 జీబీ కూడా లేదు. 128 జీబీ కార్డు కన్సోల్‌లో 119 అని కనిపిస్తే అది మోసం కాదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, యంత్రం 1024తో లెక్కిస్తుంది. ఇది ఆ తేడా కాదు.

నకిలీ కార్డులో నియంత్రణ చిప్‌కు అబద్ధం నేర్పి ఉంటారు. 16 అరలున్న కౌంటరువాడు 128 టోకెన్లు ఇచ్చినట్టు. పదహారు సంచుల వరకు అంతా సవ్యంగా సాగుతుంది. పదిహేడో సంచిని ఇలాంటి కార్డుల్లో కొన్ని మళ్లీ మొదటి అరలోనే కుక్కుతాయి. మొదటి అరలో ఉన్నది రిజిస్టరు! మా వాడు మూడో పెద్ద గేము దించిన రోజే కార్డు చచ్చిపోవడానికి కారణం అదే. ఫార్మాట్ చేసి ఉంటే మళ్లీ రెండు నెలలు బాగా పనిచేసి, మళ్లీ అదే చోట కూలిపోయేది.

నిజమైన కార్డు కూడా ప్రతి కన్సోల్‌కూ సరిపడదు. నింటెండో 3డీఎస్ 32 జీబీ దాకానే అధికారికంగా ఒప్పుకుంటుంది. సోనీ పీఎస్ వీటాకు దాని సొంత కార్డే కావాలి. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2 గేముల కోసం మైక్రో ఎస్డీ ఎక్స్‌ప్రెస్ అనే వేగవంతమైన రకం తప్ప మరొకటి తీసుకోదు. అంతకన్నా ముఖ్యం సేవ్‌లు, అంటే ఆట ఎంతవరకు వచ్చిందో దాచిన నమోదులు, ఎక్కడున్నాయన్నది. స్విచ్‌లో ఆట ప్రగతి కన్సోల్ లోపలే ఉంటుంది, కార్డులో గేము మాత్రమే ఉంటుంది. 3డీఎస్‌లో దించుకున్న గేముల సేవ్‌లు కార్డులోనే ఉంటాయి కనుక ఫార్మాట్‌తో అవీ పోతాయి.

మా వాడి ప్రగతి కన్సోల్ లోపల చెక్కుచెదరకుండా ఉంది. కొత్త కార్డు బిల్లుతో సహా కొన్నాం. గేము ఎక్కించే ముందు రాత్రంతా పరీక్షలో పెట్టమని ఈసారి వాడే అడిగాడు.

పాత కార్డును పారేయలేదు. నిజంగా ఉన్న చోటు వరకే వాడుకునేలా 14 జీబీ దగ్గర గీత గీసి, అన్నమయ్య కీర్తనలు ఎక్కించి మా నాన్నగారి పాటల పెట్టెలో పెట్టాను. ఆ కీర్తనలు శతాబ్దాల పాటు తిరుమల ఆలయంలో రాగిరేకుల మీద నిలిచాయి. ఈ ఎలక్ట్రాన్లు పదేళ్లు నిలిస్తే గొప్పే. అందుకని ల్యాప్‌టాప్‌లో ఒక నకలు ఉంచాను.