అర్జీ ఒకరికి, బస్సు మరొకరికి: చెన్నై కార్పొరేషన్‌కూ నగర రవాణాకూ మధ్య దూరం ఎలా ఏర్పడింది

ఉత్తర చెన్నైలో మా వీధివాళ్లు ఇచ్చే అర్జీని ఎక్కడ చూసినా గుర్తుపట్టవచ్చు. పైన విషయమంతా తమిళంలో ఉంటుంది, కింద సంతకాల్లో సగం తెలుగులో ఉంటాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్నవాళ్లం అర్జీ రాస్తాం. తెలుగు తప్ప మరో లిపి రాని పెద్దవాళ్లు కింద పేరు రాసి, పక్కన డోరు నంబరు వేస్తారు. చాలా ఏళ్లుగా అలాంటి అర్జీలు రాసిపెట్టే పని నా మీద పడింది. వాటిలో ఎక్కువ భాగం రాకపోకల గురించే ఉంటాయి: బస్సు ఆగే చోట నీడ లేదని, బడి ముందు స్పీడ్ బ్రేకర్ కావాలని, రాత్రి తొమ్మిది దాటితే పారిస్ కార్నర్ వైపు బస్సు దొరకడం లేదని. కార్యాలయంలో కాగితం మీద తేదీతో రబ్బరు ముద్ర పడుతుంది. కొన్నాళ్లకు ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అని సమాధానం వస్తుంది. ఇది ఉద్యోగుల, కౌన్సిలర్ల అలసత్వమని తీసిపారేయడం నాకు న్యాయంగా తోచదు, ఎందుకంటే ఆ ఒక్క వాక్యం వెనక చాలా పొడవైన చరిత్ర ఉంది.

చెన్నై కార్పొరేషన్ దేశంలోకెల్లా పాతది. 1688 సెప్టెంబరు 29న మేయరు, పన్నెండుమంది ఆల్డర్‌మెన్‌లతో మొదలైన ఆ తొలి సభలోనే చిన్న వెంకటాద్రి వంటి స్థానిక వర్తకులకు చోటు దక్కింది. తరువాతి రెండు శతాబ్దాల్లో దాని రూపం ఎన్నోసార్లు మారింది కానీ, నేటి పాలకమండలికి దగ్గరి పూర్వరూపం మాత్రం 1919 నాటి మద్రాసు నగర పురపాలక చట్టంతో వచ్చింది. ఆ చట్టం వచ్చిన తొలి సంవత్సరాల్లో కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్నవారు పిట్టి త్యాగరాయచెట్టి. తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టిన ఆయన దాదాపు నలభై ఏళ్లు కార్పొరేషన్ సభ్యుడిగా పనిచేశారు. త్యాగరాయనగర్‌కు ఆ పేరు ఆయన వల్లనే వచ్చింది. ఆ కాలంలో వీధులు, దీపాలు, మంచినీళ్లు, మురుగుకాలువలు అన్నీ ఒకే గొడుగు కింద ఉండేవి కనుక, నీళ్లు రాకపోయినా దీపం వెలగకపోయినా అర్జీ చేరవలసిన చోటు 1913లో ప్రారంభమైన కార్పొరేషన్ కార్యాలయం, రిప్పన్ భవనమే.

అయితే ఆ రోజుల్లో కూడా ప్రయాణ సాధనం కార్పొరేషన్ సొంతం కాదు. 1895లో మొదలైన మద్రాసు విద్యుత్ ట్రాములను ప్రైవేటు కంపెనీ నడిపింది, బస్సులను ప్రైవేటు యజమానులు నడిపారు. 1947 నుంచి రాష్ట్ర ప్రభుత్వమే నగరంలో బస్సులు నడపడం మొదలుపెట్టింది. 1953 ఏప్రిల్‌లో ట్రాములు ఆగిపోయాయి. 1972లో నగర బస్సుల కోసం ఏర్పడిన పల్లవన్ రవాణా సంస్థ ప్రభుత్వ సంస్థగానే పుట్టింది, నేటి మహానగర రవాణా సంస్థ (ఎం.టి.సి.) దాని వారసురాలే. బొంబాయిలో నగర బస్సులను నడిపే బెస్ట్ సంస్థ 1947లోనే అక్కడి కార్పొరేషన్ చేతికి వచ్చింది. మద్రాసులో అలా జరగలేదు. అక్కడ బస్సు గురించి కార్పొరేటర్ అడిగితే జవాబు చెప్పవలసిన కమిటీ కార్పొరేషన్‌లోనే ఉంటుంది, ఇక్కడ లేదు. మన నగరంలో అర్జీ దారి తప్పడం మొదలైంది ఇక్కడేనని నా అభిప్రాయం.

దీనికి తోడు 1973లో పాలకమండలే రద్దయింది. మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) అక్రమాల ఆరోపణల నేపథ్యంలో ప్రభుత్వం దానిని తొలగించి ప్రత్యేకాధికారి పాలన పెట్టింది. తాత్కాలికం అనుకున్న ఆ ఏర్పాటు 1996 వరకు, అంటే ఇరవై మూడేళ్లు సాగింది. నగరానికి కొత్త రూపం వచ్చింది సరిగ్గా ఆ కాలంలోనే. నగరాభివృద్ధి ప్రణాళిక చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ (సి.ఎం.డి.ఎ.) చేతికి వెళ్లింది, 1978లో మంచినీళ్లూ మురుగునీరూ కొత్తగా ఏర్పడిన మెట్రో వాటర్ బోర్డుకు వెళ్లాయి, బీచ్ స్టేషను నుంచి చేపాక్కం వరకు ఎత్తైన రైలుమార్గాన్ని రైల్వే శాఖ కట్టి 1995లో తెరిచింది. ఈ నిర్ణయాల్లో ఒక్కదాని మీదా ‘మా వార్డు ప్రజలు ఇలా అడుగుతున్నారు’ అని లేచి నిలబడి చెప్పగల ఎన్నికైన కార్పొరేషన్ సభ్యుడు నగరంలో లేడు. 1996 ఎన్నికల్లో ఎం.కె. స్టాలిన్ ప్రజలు నేరుగా ఎన్నుకున్న మేయరుగా వచ్చేనాటికి బస్సు, రైలు, నీళ్లు మూడూ ఇతరుల అధీనంలో స్థిరపడిపోయాయి.

ఈ లోపల 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చింది. పురపాలక సంస్థలకు అప్పగించదగిన పద్దెనిమిది అంశాలను అది పన్నెండో షెడ్యూలులో చేర్చింది. వాటిలో రోడ్లు, వంతెనలు ఉన్నాయి. పదిహేడో అంశంలో వీధి దీపాలు, వాహనాలు నిలిపే స్థలాలు, బస్సు స్టాపులు ఉన్నాయి. ప్రజా రవాణా మాత్రం ఆ జాబితాలో ఎక్కడా లేదు. బస్సు కోసం ఎదురుచూసే చోటు నగరపాలనకు చెందుతుంది, రావలసిన బస్సు చెందదు. మా అర్జీలకు వచ్చే సమాధానాలన్నిటికీ మూలం ఈ విభజనలోనే కనిపిస్తుంది.

ఒక్క బస్సు స్టాపునే తీసుకుని చూడండి. పైకప్పు, కూర్చునే బల్ల, దీపం కార్పొరేషన్ పని. స్టాపు ఎక్కడ ఉండాలో ఎం.టి.సి., ట్రాఫిక్ పోలీసులు చూస్తారు. బస్సు ఎన్ని నిమిషాలకొకటి రావాలో ఎం.టి.సి. నిర్ణయిస్తుంది. ఎదురుగా రోడ్డు దాటడానికి సిగ్నల్ కావాలంటే మళ్లీ పోలీసులే. ముందున్న రోడ్డు కార్పొరేషన్ బస్ రూట్ రోడ్ల విభాగానిదా, అణ్ణా సాలై వంటి రోడ్లను చూసే రాష్ట్ర హైవేల శాఖదా అన్నది ఇంకో ప్రశ్న. ఆ రోడ్డును తవ్వినది మెట్రో వాటరో, విద్యుత్ శాఖో, మెట్రో రైలో కావచ్చు. ‘మా స్టాపు బాగు చేయండి’ అని ఒక కుటుంబం రాసిన నాలుగు వరుసల కాగితం ఇన్ని బల్లల మీదికి ముక్కలై వెళ్తుంది.

తెలుగువారికి ఈ సంగతి మరో రకంగానూ అనుభవమే. ఒకప్పుడు ఆంధ్ర వైపు బస్సులు పారిస్ కార్నర్ పరిసరాల నుంచి బయలుదేరేవి. షావుకారుపేట, కొండితోపు, మింట్ వీధి, రాయపురం వాళ్లకు అది నడిచి వెళ్లే దూరం. 2002లో కోయంబేడు బస్టాండు తెరిచాక అవి అక్కడికి మారాయి. 2018లో మాధవరానికి మారాయి. రెండు బస్టాండ్లనూ కట్టినది సి.ఎం.డి.ఎ. ఊరి నడిబొడ్డున రద్దీ తగ్గాలన్న కారణం సరైనదే. కానీ తెల్లవారుజామున నెల్లూరు బస్సు దిగి, ఒక చేతిలో గుడ్డ సంచీ, ఇంకో చేతిలో మనవడి వేలు పట్టుకుని ‘పారిస్‌కు ఏ బస్సు నాయనా?’ అని మాధవరంలో అడిగిన పెద్దావిడకు, ఆ చివరి పది కిలోమీటర్ల ప్రయాణమే అసలు ప్రయాణం. టెర్మినల్ ఎక్కడ కట్టాలన్న దానితో పాటు, అక్కడి నుంచి పాత పేటలకు చిన్న బస్సులు ఎన్ని ఉండాలన్న ప్రశ్న కూడా వార్డు స్థాయిలో చర్చకు వచ్చి ఉండవలసింది.

దక్షిణాన పాత మహాబలిపురం రోడ్డు మీద ఐ.టి. ఉద్యోగాల కోసం వచ్చిన కొత్త తెలుగు కుటుంబాలు ఇదే పాఠాన్ని టోల్‌గేట్ల దగ్గర నేర్చుకున్నాయి. 2011లో నగర విస్తీర్ణం 174 నుంచి 426 చదరపు కిలోమీటర్లకు పెరిగి, వార్డులు 200 అయినప్పుడు పెరుంగుడి, షోళింగనల్లూరు కార్పొరేషన్‌లో కలిశాయి. ఇంటిపన్ను కార్పొరేషన్‌కు కడుతూ, ఇంటి ముందరి రోడ్డుకు వేరే సంస్థకు సుంకం కట్టవలసి రావడం మీద నివాసుల సంఘాలు ఏళ్ల తరబడి వినతిపత్రాలు ఇచ్చాయి. నగర పరిధిలోని టోల్‌గేట్లు 2021 ఆగస్టు చివరలో ఆగాయి. మెట్రో రైలు రెండో దశ పనులు మొదలవడంతో రాష్ట్ర ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం అది.

కార్పొరేషన్ తన చేతిలో ఉన్నదానితో ఏమీ చేయలేదని చెప్పడం తప్పు. 2014లో పాదచారులకూ సైకిళ్లకూ ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ఆమోదించి, రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం వాటికే ఖర్చు చేయాలని రాసుకుంది. కాలిబాట పూర్తిగా దాని సొంత సొత్తు కనుక అది సాధ్యమైంది. త్యాగరాయచెట్టి పేరున్న రోడ్డులోనే, మనం పాండీ బజారు అనే చోట, 2019 నవంబరులో విశాలమైన నడకదారి ప్రారంభమైంది. అయితే ఆనాటికి మళ్లీ పాలకమండలి లేదు: 2016 అక్టోబరులో గడువు ముగిశాక ఎన్నికలు కోర్టు కేసుల్లో, వార్డుల పునర్విభజనలో చిక్కుకుని 2022 ఫిబ్రవరిలో గానీ జరగలేదు. ఆ అయిదేళ్లకు పైగా కాలంలో అర్జీకి అధికారి ఉన్నాడు, దానిని సభలో చదివే మనిషి లేడు.

ఆర్. ప్రియ మేయరుగా కొత్త కౌన్సిల్ వచ్చిన 2022లోనే వార్డు కమిటీలకూ, నివాసులు తమ సమస్యలు చెప్పుకునే ఏరియా సభలకూ నియమావళి వెలువడింది. అన్ని రవాణా సంస్థలను ఒకచోట కూర్చోబెట్టడానికి 2010లో చట్టం చేసిన చెన్నై ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థ కూడా తన మొదటి సమావేశాన్ని 2022 నవంబరులోనే ముఖ్యమంత్రి అధ్యక్షతన జరుపుకొంది. చట్టానికీ సమావేశానికీ మధ్య పన్నెండేళ్లు గడిచాయి. ఏరియా సభలకూ ఈ సంస్థకూ మధ్య దారి ఇంకా పడవలసి ఉంది. ఏరియా సభలో ఒకరు అడిగిన బస్సు ఆ ప్రాధికార సంస్థ ముందుకు వెళ్లి, నిర్ణయం మళ్లీ అదే సభకు తిరిగి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. కార్పొరేషన్ ఫిర్యాదుల నంబరు 1913కు ఫోన్ చేస్తే రోడ్డు గుంతకు ఫిర్యాదు నంబరు దొరుకుతుంది. రాత్రి బస్సుకు కావలసినది అంతకన్నా పెద్ద ఏర్పాటు.

ప్రస్తుతానికి మా వీధిలో పద్ధతి మార్చుకున్నాం. స్టాపు నీడకు, బస్సు వేళలకు, సిగ్నల్‌కు, రోడ్డు తవ్వకానికి విడివిడిగా నాలుగు కాగితాలు రాస్తున్నాం, నాలుగింటి నకళ్లూ వార్డు కమిటీకి ఇస్తున్నాం. పెద్దవాళ్లు ఇప్పుడు నాలుగుచోట్ల సంతకం పెట్టాలి. కళ్లజోడు సర్దుకుని, ఒక్కో కాగితం మీద తెలుగులో పేరు పూర్తిగా రాసి, డోరు నంబరు వేసి, తరువాతి కాగితం ఇమ్మని చేయి చాపుతారు.