83 ఎక్స్ జూమ్ చూసి కెమెరా కొనకండి: అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో స్టూడియో నడుపుతూ, తీరిక దొరికితే పక్షుల వెంట తిరిగే నాలాంటి వాళ్లను జనం తరచూ అడిగేది ఒకటే: “అన్నా, లెన్సులు మార్చే పని లేకుండా తక్కువలో మంచి కెమెరా ఒకటి చెప్పు.” లెన్సు బాడీకే బిగించి ఉండి, దగ్గరవీ దూరానివీ తీయగలిగే ఆల్ ఇన్ వన్ కెమెరా అన్నమాట. కోరిక మంచిదే. కానీ కొనేవాళ్ల తలలో ఉండే లెక్కలు మాత్రం ఎక్కువగా డబ్బా మీది అంకెలు చూసి ఏర్పడినవి.

అపోహ: జూమ్ ఎంత ఎక్కువైతే కెమెరా అంత గొప్పది

ఎక్స్ అంటే లెన్సు మొదలుకీ చివరకీ మధ్య నిష్పత్తి, అంతే. లెన్సు దూరాన్ని ఎంత దగ్గరికి లాగుతుందో మి.మీ.లలో చెబుతారు, అంకె పెద్దదైతే అంత దగ్గరగా కనిపిస్తుంది. 2015లో వచ్చిన నికాన్ పీ900 జూమ్ 24 మి.మీ. దగ్గర మొదలై 2000 దాకా పోతుంది కాబట్టి 83 ఎక్స్. 2018 నాటి పీ1000 అయితే 3000 దాకా పోతుంది, 125 ఎక్స్. 2017లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4 జూమ్ 600 దగ్గరే ఆగిపోతుంది, అంటే 25 ఎక్స్. అంకెలు పక్కపక్కన పెడితే సోనీ తేలిపోతుంది. అయితే లోపలి సెన్సర్ సంగతి చూడండి, అంటే వెలుగును పట్టి బొమ్మగా మార్చే చిప్. అది ఎంత పెద్దదైతే అంత వెలుగు పడుతుంది. ఆ నికాన్ రెండింటిలోనూ ఉన్నది 1/2.3 అంగుళాల రకం, దాదాపు 6.2 × 4.6 మి.మీ. చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. సోనీలోది ఒక అంగుళం రకం, 13.2 × 8.8 మి.మీ. వైశాల్యంలో నాలుగు రెట్ల తేడా.

ఇంకోటి, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండేది: జూమ్ చివరికి పోయేకొద్దీ లెన్సులోంచి వచ్చే వెలుగు తగ్గిపోతుంది. దీన్ని ఎఫ్ అంకెతో చెబుతారు, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. పీ900 మొదట్లో ఎఫ్2.8, 2000 దగ్గర ఎఫ్6.5. అంటే లోపలికి వచ్చే వెలుగు ఐదో వంతుకు పడిపోతుంది. సోనీ చివరి దాకా పోయినా ఎఫ్4 దగ్గరే ఉంటుంది.

ఇది చేతికి ఎలా తగులుతుందో తెలియాలంటే పొద్దు వాలే వేళ నేలపట్టు పక్షుల కేంద్రంలో నిలబడాలి. గూడబాతులు మేతకు పోయి చెరువులోని కడప అనే రకం చెట్ల మీదికి తిరిగొస్తుంటాయి. రెక్క కదలిక ఆగాలంటే షట్టర్ వేగం కనీసం 1/500, అంటే సెకనులో ఐదువందలో వంతు ఉండాలి. ఆ వెలుగులో ఎఫ్6.5తో ఆ షట్టర్ కావాలంటే ఐఎస్ఓను (వెలుగు తక్కువైతే కెమెరా బొమ్మను ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే అంకె) 3200కి తోయక తప్పదు. చిన్న సెన్సర్ మీద ఆ ఐఎస్ఓలో ఈకల గీతలన్నీ కలిసిపోయి ముద్దగా వస్తాయి. అదే 600 మి.మీ.తో ఎఫ్4లో తీసి, 20 మెగాపిక్సెల్స్‌లో మధ్య నాలుగో వంతు కత్తిరించుకోండి. 1200 మి.మీ.తో తీసినంత దగ్గరగా కనిపిస్తుంది, ఇంకా 5 మెగాపిక్సెల్స్ మిగులుతాయి. 8 × 10 అంగుళాల ప్రింటుకు అది చాలు.

పీ900 పనికిరాదని కాదు. పొద్దున ఎండలో కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పక్షికి, పౌర్ణమి చంద్రుడికి ఆ ధరలో దానికి పోటీ ఉండేది కాదు. మధ్యాహ్నం పన్నెండింటికి పులికాట్ గట్టు మీది నుంచి ఫ్లెమింగోలను 2000తో లాగితే మాత్రం బొమ్మ వణుకుతుంది. అది కెమెరా తప్పు కాదు, మధ్యలో ఉన్న వేడిగాలి. ఎన్ని లక్షల లెన్సయినా ఆ గాలిలోంచే చూడాలి. ఉదయం ఎనిమిదిలోపు వెళ్లండి.

అపోహ: ఫోన్ కన్నా ఏ కెమెరా అయినా మేలే

ఈ మధ్య మంచి ఫోన్ల మెయిన్ కెమెరాల్లో 1/1.3 అంగుళాల సెన్సర్లు వస్తున్నాయి. చవక సూపర్ జూమ్‌లోని (పీ900 లాంటి ఎక్కువ జూమ్ కెమెరాలోని) 1/2.3 సెన్సర్ కన్నా అది రెండింతలకు పైనే. ఇంట్లో బారసాలకీ, రంగనాయకుల గుడి గాలిగోపురానికీ మీ ఫోనే బాగా తీయొచ్చు. కెమెరా కొనేది ఫోనుకు అందని దూరం కోసం, చేతికి పట్టు కోసం, మైపాడు బీచి ఎండలో ఫోన్ స్క్రీన్ కనపడనప్పుడు కన్ను ఆనించుకునే వ్యూఫైండర్ కోసం. ఈ మూడూ మీకు అక్కర్లేకపోతే ఆ డబ్బు దాచుకోండి.

అపోహ: గేరుతో (కెమెరా సామానుతో) పనేముంది, కన్నుంటే చాలు

ఈ మాట నాకు అసలు నచ్చదు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇది చెప్పి, పెళ్లికి పంపి, నష్టపోయేలా చేసేవాళ్లున్నారు. పెళ్లి ఫొటోలు డబ్బుకు తీయాలనుకుంటే ఆల్ ఇన్ వన్ కొనొద్దు. తెల్లవారుజాము ముహూర్తం, అడ్డుతెర చుట్టూ బంధువులు, జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కటే. ఆ క్షణానికి వెంటనే ఫోకస్ పట్టే కెమెరా, నమ్మకమైన ఫ్లాష్, ఒక కార్డు పోయినా రెండో దాంట్లో ఫొటో ఉండేలా రెండు కార్డు స్లాట్లు కావాలి. ఈ రకం కెమెరాల్లో మామూలుగా కార్డు స్లాట్ ఒకటే ఉంటుంది. కార్డు పాడైతే ఆ ఇంటివాళ్లకు ఏం చెబుతారు?

వేగంగా ఎగిరే పక్షులదీ ఇదే కథ. నీళ్లలోకి మునకేసే సముద్రపు రేవుపిట్టను చవక సూపర్ జూమ్ ఫోకస్ పట్టుకోలేదు. పైన చెప్పిన సోనీ మార్క్ 4లో కదిలేవాటిని త్వరగా పట్టే ఫేజ్ డిటెక్షన్ ఫోకస్ ఉంది కాబట్టి కొంత నయం.

గేరు అడ్డం కాని చోట్లు మన దగ్గర బోలెడున్నాయి. ఒంగోలు వైపు బండలాగుడు పోటీలే తీసుకోండి. ఎడ్లు బరువు లాగుతూ మెల్లగా కదులుతాయి, పగటి వెలుగు ఉంటుంది, కంచె అవతల నుంచి 200-300 మి.మీ. సరిపోతుంది. ఒక అంగుళం సెన్సరున్న పాత పానసోనిక్ ఎఫ్‌జెడ్1000 (2014, 25 నుంచి 400 మి.మీ.) ఉన్నా అక్కడ ఎవరికీ తీసిపోరు. స్వర్ణాల చెరువు రొట్టెల పండుగకు రాత్రి వెళితే జూమ్ ముట్టుకోవద్దు. లెన్సును ఎఫ్2.8 ఉండే మొదటి కొసలోనే ఉంచి, చెరువులో రొట్టెలు మార్చుకునే చేతుల దగ్గరికి మీరే నడవండి.

అపోహ: తెలుపు తెల్లగా రావాలంటే ఖరీదైన కెమెరా కావాలి

ఒంగోలు గిత్తను తీసినవాళ్లందరూ చేసే ఫిర్యాదు ఇది: “బూడిద రంగులో వచ్చింది.” కెమెరా తన ముందున్న దాన్నంతా సగటు బూడిద అనుకుని వెలుగు లెక్క కడుతుంది. ఫ్రేమంతా తెల్లటి గిత్తే నిండితే “ఎండ ఎక్కువైంది” అనుకుని తగ్గిస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే ప్లస్ మైనస్ గుర్తున్న బటన్, +0.7కు పెట్టండి. గిత్త తెల్లబడుతుంది, మూపురం మీది నల్లటి నీడా నిలుస్తుంది. అదే గిత్త చీకటి కొట్టం ముందు చిన్నగా నిలబడి ఉంటే లెక్క తిరగబడుతుంది, -0.7 కావాలి. ఇసకపల్లి ఉప్పు కయ్యల్లోనూ ఇదే కిటుకు. చవక కెమెరాలో కూడా ఈ బటన్ ఉంటుంది. కొనేటప్పుడు మెనూలో వెతక్కుండా వేలికి అందుతుందో లేదో చూసుకోండి. నా లెక్కలో ఇది జూమ్ అంకె కన్నా ముఖ్యం.

మెగాపిక్సెల్స్, రా ఫైళ్లు

4 × 6 అంగుళాల ప్రింటుకు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2.2 మెగాపిక్సెల్స్ చాలు. 12 × 18కి 200 డీపీఐలో 9 లోపే. ఇప్పుడొచ్చే ఏ కెమెరా అయినా ఇది దాటుతుంది. రా ఫైలు, అంటే సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైలు, ఉంటే వెలుగును తర్వాత సరిచేసుకోవడం తేలిక (పీ900లో లేదు, దాని తర్వాత వచ్చిన పీ950లో ఉంది). లేకపోతే తీసే చోటే వెలుగు సరిచూసుకోవాలి.

అపోహ: లెన్సు విప్పం కాబట్టి దుమ్ము చేరదు

జూమ్ గొట్టం ముందుకూ వెనక్కూ కదిలిన ప్రతిసారీ గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలితో పాటే కొత్తపట్నం ఇసుకా, బండలాగుడు దుమ్మూ పోతాయి. సెన్సర్ దాకా చేరితే మీరు తుడవలేరు, బాడీ విప్పాల్సిందే. ఇసుక రేణువు గొట్టానికి అడ్డుపడితే లెన్స్ ఎర్రర్ వచ్చి కెమెరా మొరాయిస్తుంది. బీచిలో గాలి ఉన్నప్పుడు జూమ్ ఆడించకండి. మన తీరపు తేమకు లెన్సులో ఫంగస్ కూడా పడుతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో పెట్టండి, తోలు సంచిలో వద్దు.

సెకండ్ హ్యాండ్ కొంటే

ఒక అంగుళం సెన్సరున్నవి తక్కువ ధరలో కావాలంటే చాలాసార్లు ఇదే దారి, ఇందులో భయపడేదేమీ లేదు. జూమ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగైదుసార్లు నడిపించి, కరకర శబ్దం వస్తుందేమో వినండి. తెల్లగోడను ఎఫ్8లో తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి నల్ల చుక్కలు వెతకండి. ఫోన్ టార్చ్ లెన్సులోకి ఏటవాలుగా వేస్తే ఫంగస్ ఉంటే సన్నటి దారాలు కనిపిస్తాయి. ఇటుకల గోడను ఎదురుగా నిలబడి తీసి, నాలుగు మూలలూ ఒకేలా స్పష్టంగా ఉన్నాయా చూడండి. ఒక మూల మసకబారితే ఎప్పుడో కిందపడిన కెమెరా అని అనుమానించి వదిలేయండి. బ్యాటరీ ఇంకా మార్కెట్లో దొరుకుతోందా, రిపేరు నెల్లూరులో అవుతుందా లేక చెన్నై పంపాలా అన్నది డబ్బు చేతికిచ్చే ముందే అడిగి తెలుసుకోండి.