పోలండ్ సైనికుల వంకర కత్తి టర్కీదేనా? అపోహలు - వాస్తవాలు

పాత ఆయుధాలకు పట్టిన తుప్పు వదిలించి, మళ్లీ పాడవకుండా చూడడం నా పని. వాటిలో 16-18 శతాబ్దాల పోలండ్ ఆయుధాలంటే నాకు ప్రాణం. వంకర కత్తి, పొడుగు అంగీ, నడుముకు పట్టు దట్టీ చూసి చాలామంది టర్కీ సైనికుడే అనుకుంటారు. పోలిక నిజమే. 1683లో వియన్నా దగ్గర ఒట్టోమన్ టర్కులతో తలపడినప్పుడు, తమవాళ్లెవరో తెలియడానికి పోలిష్ సైనికులు గడ్డిపోచలు గుర్తుగా పెట్టుకున్నారు. ఆ పోలిక ఎలా వచ్చిందో చెప్పేటప్పుడే పొరపాట్లు జరుగుతున్నాయి.

అపోహ: ఇవన్నీ యుద్ధాల్లో టర్కుల దగ్గర కొల్లగొట్టినవే.

వాస్తవం: కొల్లసొమ్మూ ఉంది. క్రాకోవ్‌లోని వావెల్ కోటలో ఒట్టోమన్ గుడారాలను ఇప్పటికీ చూడొచ్చు. కానీ పెద్ద దారి వ్యాపారం. 1601లో రాజు మూడో జిగ్మంట్, సెఫెర్ మురాతోవిచ్ అనే ఆర్మీనియన్ వర్తకుణ్ణి పర్షియాకు పంపాడు. అతను కాషాన్‌లో పట్టు తివాచీలు నేయించాడు, గుడారం, కత్తులు కొన్నాడు. వియన్నా యుద్ధానికి ఎనభై ఏళ్ల ముందు మాట ఇది! ఇక ల్వూఫ్‌లో, అంటే నేటి ఉక్రెయిన్‌లోని ల్వివ్‌లో, ఆర్మీనియన్ పనివాళ్లు తూర్పు పద్ధతి కత్తులు, జీనులు అక్కడే తయారుచేసేవారు. అందుకే, ఆధారం లేకుండా ఏ కత్తి పక్కనా 'యుద్ధంలో దొరికింది' అని రాయొద్దని నేను పట్టుబడతాను.

అపోహ: షబ్లా అంటే టర్కీ కత్తికి పోలిష్ పేరు.

వాస్తవం: ఆ మాట వచ్చింది హంగరీ నుంచి. ట్రాన్సిల్వేనియా నుంచి వచ్చి 1576లో పోలండ్ రాజైన స్తెఫాన్ బాతోరి కాలంలో హంగరీ తరహా కత్తికి గిరాకీ పెరిగింది. ఆ తర్వాత పోలిష్ పనివాళ్లు దాన్ని తమ అలవాటుకు తగ్గట్టు మార్చుకున్నారు. 17వ శతాబ్దపు హుసార్ల, అంటే పోలండ్ బల్లెపు రౌతుల, షబ్లాను పట్టుకుంటే తేడా తెలుస్తుంది. వేళ్లకు రక్షణగా ఇనుప కమ్మీ, లోపలివైపు బొటనవేలు దూర్చడానికి ఉంగరం ఉంటాయి. ఆ ఉంగరం వల్ల పట్టు జారదు, ఊపిన కత్తిని చటుక్కున వెనక్కి తిప్పొచ్చు. పర్షియా వంకర కత్తి షంషీర్‌కు ఈ ఏర్పాటు లేదు. గద్ద తల లాంటి పిడి ఉన్న కరబేలా అనే మరో రకం కత్తిలో మాత్రం తూర్పు పోలిక సూటిగా కనిపిస్తుంది.

అపోహ: హుసార్ల వీపు మీది రెక్కల చప్పుడుకు శత్రువుల గుర్రాలు బెదిరేవి.

వాస్తవం: గట్టి ఆధారం లేదు. ఒట్టోమన్ 'దెలీ' రౌతులూ ఈకలు, రెక్కలు పెట్టుకునేవారు, కాబట్టి వాళ్ల గుర్రాలకు అవి కొత్త కాదు. 1605 నాటి రాజు పెళ్లి ఊరేగింపును చూపే, 'స్టాక్‌హోమ్ రోల్' అని పేరున్న పొడవాటి చిత్రపటంలో రెక్కలున్నది జీనుకు, వీపుకు కాదు.

అపోహ: పొలుసుల కవచం కరత్సేనా ప్రాచీన తూర్పు దేశాలది.

వాస్తవం: అది వియన్నా యుద్ధంలో పోలిష్ సేనను నడిపిన రాజు సోబియెస్కీ కాలపు ఫ్యాషన్. పోలిష్ ప్రభువులు తాము తూర్పు గడ్డిమైదానాల ప్రాచీన రౌతు జాతి సర్మేషియన్ల వారసులమని నమ్మేవారు. ఆ నమ్మకానికి తగ్గట్టు చేయించుకున్న కవచం ఇది, మామూలు ఉక్కు కవచం కన్నా బరువు. నిజంగా తూర్పుదే కావాలంటే ఇనుప గొలుసుల టోపీ 'మిస్యుర్కా'ను చూడండి. ఈజిప్టుకు అరబ్బీ పేరైన 'మిస్ర్' నుంచి వచ్చిన మాట అది. మన హైదరాబాద్‌లో పటికబెల్లాన్ని మిస్రీ అంటారే, దాని మూలమూ అదే.

అపోహ: నడుముకు కట్టే పట్టు దట్టీలు పర్షియావి.

వాస్తవం: మొదట్లో అక్కణ్ణుంచీ, టర్కీ నుంచీ వచ్చేవి. 18వ శతాబ్దంలో రాజ్‌వీవ్ అనే ప్రభువుల కుటుంబం స్లూత్స్క్‌లో, నేటి బెలారూస్‌లో, మగ్గాలు పెట్టించింది. వాటిని నడిపింది ఇస్తాంబుల్ నుంచి వచ్చిన ఆర్మీనియన్ యాన్ మజార్‌స్కీ. దట్టీ చేతికొస్తే పూలకన్నా ముందు దాని మూల చూడండి. 'స్లూత్స్క్‌లో నన్ను చేశారు' అని లాటిన్‌లో నేసి ఉండొచ్చు.