చెంచుల అడవి విజ్ఞానం, డిజిటల్ నమోదు: ఎనభై ఏళ్ల నేపథ్యం

నల్లమల అడవుల్లోని అమ్రాబాద్ పీఠభూమిలో ఉండే ఆదివాసులు చెంచుల జీవితంపై తొలి సమగ్ర గ్రంథం 1943లో వెలువడింది. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ నిజాం రాజ్యంలోని చెంచు పెంటల్లో, అంటే వాళ్ల చిన్న ఆవాసాల్లో ఉండి, వాళ్లు తినే గడ్డలు, తేనె తీసే పద్ధతి, వేట, కుల గోత్రాలు అన్నీ చూసి ఇంగ్లీషులో రాశారు. ఆ శ్రమ విలువ తక్కువేమీ కాదు; నేటికీ నల్లమల గురించి రాసేవాళ్లు దాన్ని తిరగేయక తప్పదు. అయితే ఆ సమాచారాన్ని వాడుకునేవాళ్లు ఉదహరించేది రాసినవారినే గాని, చెప్పినవారిని కాదు. ఆ తర్వాత దేశంలో జరిగిన నమోదు ప్రయత్నాల్లో చాలావాటికి ఈ లోటు అలాగే అంటుకుని వచ్చింది.

సంప్రదాయ విజ్ఞానానికి యజమాని ఎవరన్న ప్రశ్న దేశమంతటా చర్చకు వచ్చింది పసుపుతో. గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. భారత శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు చూపించి వాదించాక 1997లో అది రద్దయింది. వేపపై ఐరోపా ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయింది. ప్రతిసారీ గ్రంథాలు వెతుక్కునే అవస్థ తప్పించడానికి 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ ఔషధ యోగాలను ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లోకి మార్చి, పేటెంటు పరిశీలకులు వెతకగలిగేలా వర్గీకరించారు. అది మంచి పనే, కానీ ప్రధానంగా రాతలో ఉన్నదానికే పనికొచ్చింది. మాటగా ఒక తరం నుంచి మరో తరానికి అందే చెంచుల వైద్యానికి చూపడానికి తాళపత్రం ఎక్కడిది?

ఆ లోటు పూడ్చాల్సిన బాధ్యతను 2002 నాటి జీవవైవిధ్య చట్టం స్థానిక సంస్థలపై పెట్టింది. ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య సంఘం ఏర్పడాలి, అది ప్రజలను సంప్రదించి స్థానిక జీవవనరులను, వాటి గురించిన విజ్ఞానాన్ని నమోదు చేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలి. ఏళ్ల తరబడి కదలని ఈ పనికి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టింది. గడువు తరుముతున్నప్పుడు రిజిస్టరు నింపడం కాగితం పనిగా మారే ప్రమాదం ఎలాగూ ఉంటుంది. ఈలోగా 2006 నాటి అటవీ హక్కుల చట్టం, జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ విజ్ఞానంపై, మేధో సంపత్తిపై సముదాయానికే హక్కు ఉందని 3(1)(కె) నిబంధనలో స్పష్టంగా చెప్పింది. పోడు పట్టాల గొడవలో ఈ నిబంధనను తలుచుకునేవారు తక్కువ.

ఈ నమోదుకు పనికొచ్చే సాంకేతికత సెమాంటిక్ వెబ్. దాని కథ సరిగ్గా ఇదే కాలంలో వేరే చోట నడిచింది. మనిషి చదివే పేజీలే కాకుండా యంత్రానికి అర్థమయ్యే సంబంధాలు కూడా వెబ్‌లో ఉండాలని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ, మరో ఇద్దరు సహరచయితలు 2001లో ప్రతిపాదించారు. అందుకు కావలసిన, సమాచారాన్ని సంబంధాలుగా రాసే ఆర్‌డీఎఫ్ ప్రమాణం 1999లోనే వచ్చింది. ఓడబ్ల్యూఎల్ అనే ఆంటాలజీ భాష (ఏయే రకాల వస్తువులు, వాటి మధ్య ఏయే సంబంధాలు ఉంటాయో నిర్వచించేది) 2004లో, ఆ సమాచారాన్ని ప్రశ్నలు అడిగే స్పార్కిల్ భాష 2008లో ప్రమాణాలయ్యాయి. ఇందులో ప్రతి సమాచారాన్నీ మూడు ముక్కల వాక్యంగా రాస్తారు: ఫలానా వస్తువు, ఫలానా సంబంధం, ఫలానా విలువ. ప్రతి వస్తువుకూ పేరుతో పనిలేని స్థిరమైన గుర్తు ఒకటి ఉంటుంది.

ఈ గుర్తు ఎందుకు అవసరమో మారేడు గడ్డలను చూస్తే తెలుస్తుంది. నల్లమలలో తవ్వితెచ్చే ఈ గడ్డలకూ శివుడి పూజకు వాడే మారేడు చెట్టుకూ సంబంధం లేదు; ఇవి డెకాలెపిస్ హామిల్టోనీ అనే తీగవి. సుగంధిపాల వేరు హెమిడెస్మస్ ఇండికస్ అనే మరో తీగది. బజారులో మాత్రం రెండూ నన్నారి పేరుతోనే చలామణి అవుతాయి. రిజిస్టరులో మారేడు అని రాసి ఊరుకుంటే, పదేళ్ల తర్వాత ఆ వరుస చూసేవాడికి ఏ మొక్కో తెలియదు. మొక్కకు ఒక గుర్తు ఇచ్చి, దానికి పెంటలో పిలిచే పేరు, బజారు పేరు, శాస్త్రీయ నామం వేర్వేరు సంబంధాలుగా తగిలిస్తే ఏ పేరునూ కొట్టెయ్యాల్సిన పని ఉండదు.

నా దృష్టిలో ఈ సాంకేతికత అసలు బలం మొక్కల పేర్లలో కంటే, చెప్పినవారిని నమోదు చేయగలగడంలో ఉంది. కొండచరియపై తేనె తీసేటప్పుడు తాడు పట్టుకునేది భార్య తోడబుట్టినవాడే కావాలన్నది చెంచుల్లో చెప్పుకునే ఆచారం. తన అక్కచెల్లెలి బతుకు ఆ తాడు మీదే ఉందని అతనికి తెలుసు. తేనె, తాడు, చరియ అని గడులు గీసిన పట్టికలో ఈ బంధుత్వానికి చోటు దొరకదు. సంబంధాల అల్లికలో అది మరో వాక్యం అవుతుంది. ఈ మాట ఎవరు చెప్పారు, ఏ పెంటలో, ఎప్పుడు అన్నది రాయడానికి 2013లో ప్రోవ్-ఓ, ఏ షరతుపై వాడుకోవచ్చో రాయడానికి 2018లో ఓడీఆర్ఎల్ ప్రమాణాలు వచ్చాయి. ఎవరు ఏది చూడవచ్చో సముదాయం కట్టుబాట్లే నిర్ణయించే ముకుర్తు అనే డిజిటల్ వేదిక, ఆస్ట్రేలియాలోని వరుముంగు ఆదివాసుల అవసరం నుంచే పుట్టింది.

జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత ఈ మూలాల నమోదు మరింత ముఖ్యమైంది. గుర్తింపు పొందిన గ్రంథాల్లో ఉన్న విజ్ఞానాన్ని వాడుకునేవారికి ప్రయోజనాల పంపిణీ నుంచి, అంటే లాభంలో వాటా ఇవ్వాల్సిన బాధ్యత నుంచి మినహాయింపు దొరికింది. ఒకే మొక్క గ్రంథంలోనూ, చెంచుల నోటా ఉంటే, కంపెనీ దేని నుంచి తీసుకుందన్నదే వివాదం అవుతుంది. పేటెంటు అడిగేవారు సంప్రదాయ విజ్ఞానం ఇచ్చినవారిని వెల్లడించాలని ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వేదికపై 2024 మేలో కుదిరిన ఒప్పందం చెబుతోంది. కానీ అలా వెల్లడించడానికి ముందు ఎక్కడో ఒక చోట అది నమోదై ఉండాలి.

ఇక్కడే ఒక ఇబ్బంది ఉంది. సెమాంటిక్ వెబ్ పెరిగింది అన్నీ అందరికీ తెరిచి ఉంచాలన్న పట్టుదలతో. 2012లో మొదలైన, అందరూ కలిసి నింపే సమాచార నిధి వికీడేటాలో చేరిన సమాచారాన్ని ఎవరైనా, ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు. చెట్ల పేర్లకు అది చాలు. పాముకాటు మందుకు సరిపోదు. ఆదివాసుల సమాచారం విషయంలో సముదాయపు అధికారాన్ని ముందు పెట్టే కేర్ సూత్రాలు 2019లో వచ్చింది ఈ కారణంగానే. అందువల్ల నాగర్‌కర్నూల్ జిల్లా పెంటల రిజిస్టర్లను ఈ రూపంలోకి మార్చాలనుకునేవారు ఆంటాలజీ గీయడానికి ముందే గ్రామసభలో కూర్చుని, ఏది బయట పెట్టాలి, ఏది ఊరి దగ్గరే ఉండాలి, తాళం ఎవరి చేతిలో ఉండాలి అన్నది వారి చేతే నిర్ణయింపజేయాలి.